అసలైన సీల

మా గుమ్మళ్ళపేటకు చరిత్ర లేదన్న సంగతి మునిసిపల్ కమిషనర్ సుధీంద్రబాబు గారికి ఒక శిక్షణ తరగతిలో తెలిసింది. అక్కడ ప్రతి ఊరి కమిషనరూ తన ఊరి పాత వైభవాన్ని తెర మీద చూపించాలట. ఒకాయన కోట చూపించాడు. ఇంకొకాయన దొరల కాలంనాటి గడియారపు స్తంభం చూపించాడు. మా కమిషనర్ గారు మంచినీళ్ళ ట్యాంకు చూపించారు. అది కట్టి ఎంతకాలమైందని ఎవరో అడిగితే, ఇంకా పూర్తికాలేదని నిజమే చెప్పారు. ఆ నవ్వులు ఆయన వెంట ఊరిదాకా వచ్చాయి.

తిరిగొచ్చిన మర్నాడే ఆఫీసులో వారసత్వ విభాగం వెలిసింది. దానికి ఒక గది, ఒక బోర్డు, ఒక నేను. జనన మరణాల కౌంటరులో కంప్యూటరు ముందు కూర్చునే నన్ను అక్కడికి మార్చారు. "పుట్టినవీ పోయినవీ నీకు అలవాటే కదమ్మా, ఇది ఆ రెండిటికీ మధ్యలోది," అని మేనేజరు గారు సర్దిచెప్పారు. సమావేశాల్లో పెద్దలు అన్న మాటలు రాసుకోవడం నా పని. నేను మాట్లాడాల్సిన అవసరం లేదు కాబట్టి ఆ ఉద్యోగం నాకు బాగానే నప్పింది.

ఇక చరిత్ర దొరకాలి. మురుగుకాలవల తనిఖీకి దర్గా వీధిలోకి వచ్చినప్పుడు అది కమిషనర్ గారి కంటబడింది. రేకుల పంచ కింద, ఒక చక్రం పగిలి పక్కకు ఒరిగి, పాత జట్కా బండి.

ఆ బండి కాశింబీది. ఆమె ఇంటి ముందుగదిలోనే నేను అద్దెకుంటున్నాను. భర్త పోయాక ఆమె జట్కాను బాడుగలకు తిప్పడం మానేసింది. కానీ ఏటా ఉరుసు రోజున మాత్రం కడుగుతుంది. దర్గాకు వెళ్ళే గంధం బిందె ఆ ఇంటి జట్కాలోనే వెళ్ళాలి. ఆమె మామగారి తండ్రి నాటినుంచి అదే వరస. ఈసారి చక్రం పగిలింది. ఉరుసులోగా బండి లేవకపోతే గంధాన్ని కాశింబీ మరిది కరీముల్లా ట్రాక్టరు మీద పంపిస్తానని దర్గాను చూసుకునే ముజావరు చెప్పేశాడు. ఒకసారి మారిన వరస మళ్ళీ వెనక్కి రాదని ఆ వీధిలో అందరికీ తెలుసు. కాశింబీకి అందరికంటే బాగా తెలుసు.

"కాశింబీ గారూ, ఇది బండి కాదు. ఇది ఒక జాతి జ్ఞాపకం," అన్నారు కమిషనర్ గారు, కొంగు సర్దుకుంటూ నిలబడ్డ ఆమెతో.

"బండే సార్. చక్రం పగిలింది గానీ బండే."

"మేము దీన్ని కొని పునరుద్ధరిస్తాం. పురపాలక సంఘం వారసత్వ సంపదగా ప్రకటిస్తాం."

"అంటే బాగుచేయిస్తారా?"

"పునరుద్ధరిస్తాం."

"అదే సార్. నాకు ధర గురించి పట్టింపు లేదు. మీరిచ్చిందే ఇవ్వండి. ఉరుసునాడు గంధానికి మాత్రం ఒక్కరోజు బండి ఇస్తానని మాటివ్వండి."

కమిషనర్ గారు గుండెమీద చెయ్యేసుకుని మాటిచ్చారు. నేను రాసుకున్నాను.

పంచలో కట్టేసి ఉన్న గుర్రాన్ని చూసి, దాని పేరేమిటని ఆయన ముచ్చటగా అడిగారు.

"దారు సార్," అంది కాశింబీ కాస్త ఆలోచించి.

దాని పూర్తి పేరు తాసీల్దారు. చేతిలో ఏదో ఒకటి పెట్టందే అడుగు ముందుకు వేయదని ఆమె భర్త అలా పేరు పెట్టాడు. వచ్చిన ఆఫీసర్లను బట్టి ఆమె ఆ పేరును కుదించి చెబుతుంటుంది.

ఈ మాటలన్నీ గోడ అవతలనుంచి వింటున్న కరీముల్లా తల పైకెత్తాడు. "వదినా, బండి అమ్ముకో, మంచిదే. పోయిన ఉరుసప్పుడు దారిలో సీల ఊడిపోతే నా ట్రాలీ పిన్ను పీకి సుత్తితో కొట్టి చక్రానికి బిగించావు చూడు, అది మాత్రం ఇచ్చెయ్. ఏడాదిబట్టీ తాడుతో కట్టుకుని తిప్పుతున్నా."

"ఇస్తాలే కరీమూ. నీ పిన్ను ఎవరికి కావాలి!" అంది కాశింబీ.

* * *

కొనడం అనుకున్నంత తేలిక కాలేదు. ఏ వస్తువు కొన్నా పోటీ ధరలు మూడు ఉండాలని మేనేజరు గారు నిబంధన చదివారు.

"ఊళ్ళో ఉన్నది ఒక్క జట్కానే కదయ్యా," అన్నారు కమిషనర్ గారు.

"అదే సార్ ఇబ్బంది. ఒక్కటే ఉంటే పోటీ లేదు. పోటీ లేకపోతే కొనకూడదు."

"ఒక్కటే ఉంది కాబట్టే కొంటున్నాం!"

"ఆ ముక్క ఫైల్లో రాయకండి సార్, ఆడిట్‌వాళ్ళు పట్టుకుంటారు."

అందుచేత జట్కా లేని ఇద్దరిచేత కూడా జట్కాకు ధర రాయించారు. ఒకరు సైకిల్ షాపాయన. రెండోవాడు కరీముల్లా. సైకిల్ షాపాయన బుద్ధిగా ఎక్కువ ధర వేశాడు. కరీముల్లా మాత్రం వదినను ఆటపట్టిద్దామని ఆమెకంటే తక్కువ వేశాడు. కవర్లు తెరిచాక మేనేజరు గారు నిబంధన మళ్ళీ చదివారు. నిబంధన ప్రకారం జట్కాను కరీముల్లా దగ్గరే కొనాలి. కరీముల్లా దగ్గర జట్కా లేదు.

దీనిమీద చాలాసేపు చర్చ జరిగింది. లేని జట్కా తక్కువ ధరకు వస్తున్నప్పుడు ఉన్న జట్కాను ఎక్కువ ధరకు కొనడం ప్రజాధనం దుర్వినియోగం కాదా అని మేనేజరు గారు ఆవేదన చెందారు. చివరికి కరీముల్లాను పిలిపించి బతిమాలితే, "సరుకు అయిపోయింది" అని రాసిచ్చాడు. జట్కా, గుర్రంతో సహా, మా ఆఫీసు ఆవరణలోకి వచ్చింది.

* * *

బాగుచేసే పని లింగాచారికి ఇచ్చారు. ఊళ్ళో బండ్ల వడ్రంగం తెలిసినవాడు ఆయనొక్కడే. ఆయన చక్రం చుట్టూ ఒకసారి తిరిగి, వేళ్ళతో తట్టి, "చక్రంలో రెండు ఆకు కర్రలు మార్చి చుట్టూ ఇనప పట్టా బిగిస్తే శుభ్రంగా నడుస్తదండీ. రేపటికి అయిపోద్ది," అన్నాడు.

"మార్చడమా?" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

అప్పుడే కారు దిగిన వారసత్వ సలహాదారు డాక్టర్ పరాంకుశం గారు. చేతులకు తెల్లటి తొడుగులు, మెడలో భూతద్దం. ఆయన్ని నగరంనుంచి ప్రత్యేకంగా పిలిపించారు.

"పునరుద్ధరణ అంటే చేర్చడం కాదు, తొలగించడం," అన్నారాయన. "ఒక వస్తువుకు కాలక్రమంలో అనేక అమౌలిక అంశాలు అంటుకుంటాయి. వాటన్నిటినీ తొలగించగా మిగిలేదే మౌలికం. మౌలికమైనదే వారసత్వం. మిగతాది కలప."

లింగాచారి ఉలి సంచిలో పెట్టుకుని పక్కకు జరిగాడు.

మొదట గుర్రం సంగతి తేల్చారు. దాని వయసు అడిగి, బండికంటే చిన్నదని రుజువు కావడంతో, అమౌలికమని తిరిగి ఇంటికి తోలేశారు. తాసీల్దారు బెల్లంముక్క ఇస్తేగానీ కదలలేదు.

తర్వాత కాశింబీని కూర్చోబెట్టి, బండి చరిత్ర చెప్పమన్నారు. ఆమెకు కుర్చీ వేశారు, టీ తెప్పించారు. ఆ బండి కథలు ఆమె ఎప్పుడు మొదలుపెట్టినా ఇంట్లోవాళ్ళు లేచి వెళ్ళిపోయేవారు. ఇప్పుడు ఇంత పెద్దమనిషి ఎదురుగా కూర్చుని, "చెప్పండమ్మా, చెప్పండి," అంటుంటే ఆమె ముఖం వెలిగిపోయింది.

"ఈ గూడు చూశారా సార్? ఉప్పెన వచ్చిన ఏడు పాత గూడు ఎగిరిపోయి కాలవ అవతల పడింది. మా మామ వెదురు తెచ్చి, వంచి, చాప బిగించి కట్టాడు. ఈ గూడు కిందే నేను కాపురానికొచ్చా. దారంతా వాన. ఒక్క చుక్క పడలా నా మీద."

"అంటే ఇది మొదటి గూడు కాదు."

"కాదు సార్."

"తొలగించండి."

లింగాచారి గూడు విప్పాడు. కాశింబీకి అది వినపడలేదు. ఆమె అప్పటికే మెట్టు కథలోకి వెళ్ళిపోయింది.

"ఈ ఇనప మెట్టు మా పెళ్ళయినాక వేయించింది. బడి హెడ్‌మాస్టరు గారు రోజూ ఎక్కేవారు. బంగారం లాంటి మనిషి, కాకపోతే భారీ. ఒకరోజు మెట్టూ ఆయనా కలిసి కిందపడ్డారు."

"తొలగించండి."

గుర్రాన్ని కట్టే నొగలు తొలగించారు, పాత గుర్రం తన్ని విరగ్గొడితే కొత్తవి వేశారు కాబట్టి. చక్రాలు తొలగించారు, అవి ఆమె భర్త తిరునాళ్ళలో బేరమాడి తెచ్చినవి కాబట్టి. ఇరుసు తొలగించారు, రైలుగేటు దగ్గర ఒకసారి విరిగింది కాబట్టి. ఆకుపచ్చ రంగు గీకారు. కింద నీలం వచ్చింది, అదీ గీకారు. కింద ఎరుపు వచ్చింది. అదీ గీకాక చెక్క వచ్చింది. ఆ చెక్క మామగారు మార్పించిందని కాశింబీ చెప్పడంతో చెక్క కూడా పోయింది.

మూడోనాటికి ఆమె నన్ను గోడ పక్కకు పిలిచింది. "ఏందమ్మాయ్ ఇది? నేను ఒక ముచ్చట చెప్పినప్పుడల్లా ఒక ముక్క ఊడిపోతా ఉంది."

"అవును పెద్దమ్మా."

"మరి చెప్పవేం ముందే?"

చెప్పాలని నాకు తోచలేదు. నా పని రాసుకోవడం.

కమిషనర్ గారికి కూడా కొంచెం బెంగ పట్టుకుంది. "డాక్టరు గారూ, చివరికి ఏమైనా మిగులుతుందంటారా?"

"మిగలకపోతే అదీ ఒక ఫలితమే. ఖాళీకి మించిన మౌలికత ఏముంది?"

"ఖాళీని ప్రారంభించడానికి మంత్రి గారు రారండీ."

ఆ మాటకు పరాంకుశం గారు కొంచెం మెత్తబడ్డారు. నేలమీద ఇంకా ఒకే ఒక్క వస్తువు తేలకుండా ఉంది. కుడి చక్రం జారిపోకుండా ఇరుసు చివర దిగగొట్టిన సీల. బెత్తెడు ఇనప ముక్క. ఆయన దాన్ని భూతద్దం కింద పెట్టి అటూ ఇటూ తిప్పారు.

"సుత్తి దెబ్బలు చూడండి! ఎంత ఆదిమమైన పనితనం! అమ్మా, ఇది ఎప్పటిది?"

కాశింబీ నోరు తెరిచింది. చుట్టూ చూసింది. గోడవారగా గూడు, చక్రాలు, నొగలు, చెక్కలు గుట్టగా పడి ఉన్నాయి. ఆమె నోరు మూసింది.

"నాకేం తెలవదు సార్."

"మీ భర్త ఏమైనా చెప్పారా?"

"చెప్పలా."

"మీ మామగారు?"

"ఆయనకీ తెలవదు."

పరాంకుశం గారు తొడుగు చేత్తోనే కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. "ఎవరి జ్ఞాపకానికీ అందనిది! అంటే, జ్ఞాపకం కంటే పాతది. కమిషనర్ గారూ, అభినందనలు. మీకు చరిత్ర ఉంది."

* * *

మిగతా సామానుతో ఒక చిన్న చిక్కు వచ్చింది. వారసత్వ విభాగం ఆవరణలో అమౌలిక వస్తువులు ఉండకూడదని పరాంకుశం గారు పట్టుబట్టారు. పారిశుద్ధ్య ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, ఇది పొడిచెత్త అవుతుందనీ, తమ బండ్లు ఇంకో వారందాకా ఖాళీ లేవనీ చెప్పాడు.

"ఆ చెత్త నేను తీసుకుపోనా సార్?" అంది కాశింబీ.

ఇన్‌స్పెక్టరు ముఖంలోకి ప్రాణం వచ్చింది. "ఇనుము వేరుగా, చెక్క వేరుగా తీసుకెళ్తారా అమ్మా?"

"ఎట్టా కావాలంటే అట్టా."

ఆమె చక్రాన్ని దొర్లించుకుంటూ వీధిలోకి వెళ్తుంటే ఇన్‌స్పెక్టరు ఫోటో తీశాడు. పొడిచెత్త నిర్వహణలో ఆదర్శ పౌరురాలు అన్న శీర్షిక కింద ఆ ఫోటో ఇప్పటికీ మా ఆఫీసు మెట్ల దగ్గర ఉంది. వెదురు గూడు నేను మోశాను. అది నెత్తిమీద పెట్టుకుంటే ఎండ తగల్లేదు.

సాయంత్రం లింగాచారి సంచి భుజాన వేసుకుని కాశింబీ పంచలోకి వచ్చాడు.

"మూడురోజులు ఊడదీసినందుకు వాళ్ళు కూలిచ్చారు బూబమ్మా. ఒక్క బండి మీద రెండు కూళ్ళు తింటే అరగదు. నువ్వు టీ పొయ్యి చాలు."

"టీ ఏంది, బిర్యానీ వండుతా ఉరుసుకి. ముందు చక్రం చూడయ్యా."

ఆయన మొదటిరోజు చెప్పినట్టే రెండు ఆకులు మార్చాడు, పట్టా బిగించాడు. మర్నాటికి బండి నిలబడింది. కుడి చక్రానికి సీల మాత్రం లేదు. సైకిల్ షాపునుంచి ఒక బోల్టు తెచ్చి దిగగొట్టారు.

* * *

మా వారసత్వ మందిరం ప్రారంభోత్సవం బ్రహ్మాండంగా జరిగింది. గది మధ్యలో గాజుపెట్టె, అందులో ఎర్ర పట్టు, పట్టు మీద సీల, దానిమీద దీపపు వెలుగు. "గుమ్మళ్ళపేట జట్కా" అని బోర్డు. ముట్టుకోరాదు అని ఇంకో బోర్డు. వచ్చినవాళ్ళు గదంతా కలియజూసి, జట్కా ఏదని అడిగేవారు. "ఇదే," అనేవాడు కాపలావాడు. బడిపిల్లల్ని తీసుకొచ్చి జట్కా బొమ్మ వేయమంటే, అందరూ ఒక నిలువుగీత గీశారు. అందరికంటే తిన్నగా గీసిన పాపకు బహుమతి ఇచ్చారు.

కరీముల్లా కూడా చూడ్డానికి వచ్చాడు. గాజుపెట్టెకు ముక్కు ఆనించి చాలాసేపు నిలబడ్డాడు.

"వదినా, ఇది నా..."

"దణ్ణం పెట్టుకుని బయటికి పద," అంది కాశింబీ.

ఉరుసు దగ్గరపడింది. దర్గా వీధిలో రంగుకాగితాలు కట్టారు. కాశింబీ పంచలో ఉన్నదాన్ని ముజావరు వచ్చి చూశాడు. మునిసిపాలిటీ కొన్న బండి నీ ఇంట్లో ఎట్టా ఉంది, రేపు ఆఫీసువాళ్ళు ఊరేగింపుకి అడ్డం తగిలితే దర్గాకు పరువు తక్కువ కాదా అని నసిగాడు. వాళ్ళు సరేనంటేనే జట్కా, లేకపోతే ట్రాక్టరు. పూలదండలు ట్రాక్టరుకి సరిపోయేంత పొడుగున చెప్పి ఉంచాడు కూడా.

కాశింబీ ఆఫీసుకొచ్చి, ఇచ్చినమాట గుర్తుచేసింది.

కమిషనర్ గారు పరాంకుశం గారి వైపు చూశారు. వారసత్వ సంపద ఆవరణ దాటరాదని ఆయన ఖండితంగా చెప్పారు. కానీ కమిషనర్ గారు మాట తప్పే మనిషి కాదు. గంటసేపు చర్చించి ఇద్దరూ ఒక నిర్ణయానికొచ్చారు.

"కాశింబీ గారూ, ప్రజల మనోభావాలను పరిగణనలోకి తీసుకుని, సదరు జట్కాను ఉరుసునాడు మీకు ఇస్తున్నాం. గాజుపెట్టెతో సహా. ఇద్దరు కాపలావాళ్ళు వెంట ఉంటారు."

"సీల ఇస్తారా సార్?"

"జట్కా ఇస్తున్నామమ్మా."

"దానిమీద గంధం బిందె ఎట్టా పెట్టాలి?"

"అది నిర్వహణకు సంబంధించిన అంశం. మీ స్థాయిలో చూసుకోండి."

"వద్దులెండి సార్. అంత పాతదాన్ని వీధిలో తిప్పితే పాపం. మరి ఇంట్లో ఏదో ఒక బండి ఉంటే, దానిమీద పంపించుకోవచ్చా? మీకు అభ్యంతరం లేదుగా?"

"అమౌలికమైన వాటితో మాకు సంబంధం లేదు," అన్నారు పరాంకుశం గారు.

నేను రాసుకున్నాను. ఆ ఒక్క వాక్యం మాత్రం ఇంకోసారి రాసి, డాక్టరు గారిచేత సంతకం చేయించి, ఇంటికి వెళ్ళేదారిలో ముజావరుకు చూపించాను. ఆయన పూలదండలు కురచ చేయించాడు.

* * *

ఉరుసునాడు మేళాలు మోగుతుండగా కాశింబీ ఇంటిముందు జట్కా నిలబడింది. ఆకుపచ్చ రంగు కొత్తగా వేశారు. గూటికి మల్లెలు, మెట్టుకు పసుపు గుడ్డ. లోపల గంధం బిందె ఒళ్ళో పెట్టుకుని కాశింబీ, ఆమె పక్కన నేను. ముందు పగ్గాలు పట్టుకుని లింగాచారి.

ముఖ్య అతిథిగా పిలిచిన కమిషనర్ గారు, ఆయన వెంట పరాంకుశం గారు సరిగ్గా అప్పుడే వచ్చారు. జట్కాను చూసి ఇద్దరూ నిలబడిపోయారు.

"అద్భుతం!" అన్నారు కమిషనర్ గారు. "ఈ గూడు వంపు చూడండి! డాక్టరు గారూ, మందిరంలో జనం జట్కా ఏది జట్కా ఏది అని అడుగుతున్నారు. ఆ సీల పక్కన ఇది కూడా ఉంటే..."

పరాంకుశం గారి చెయ్యి జేబులో తొడుగుల్ని వెతుకుతోంది. "పరిశీలించాలి. అమ్మా, ఇది ఎప్పటి బండి?"

మేళం ఆగింది. వీధంతా ఆమెనే చూస్తోంది. ఆమె పెదవులు కదిలాయి. ఉప్పెన, వాన, హెడ్‌మాస్టరు, రైలుగేటు, తిరునాళ్ళు అన్నీ ఒకేసారి ఆమె గొంతులోకి వచ్చి నిలబడటం పక్కన కూర్చున్న నాకు తెలుస్తోంది. ఆమె బిందెను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"కొత్తది సార్," అంది. "మొన్ననే చేయించాం. ఇందులో పాత ముక్క ఒక్కటి కూడా లేదు. మీరే చూసి చెప్పారుగా."

పరాంకుశం గారు ఒక అడుగు వెనక్కి వేసి, పెదవి విరిచారు. "అనుకున్నాను. దూరంనుంచే తెలుస్తోంది, నకలు. ఆత్మ లేదు."

"అయితే పోనివ్వండి," అన్నారు కమిషనర్ గారు నిరాశగా.

బండి పోలేదు. లింగాచారి అదిలించాడు, నాలుకతో చప్పుడు చేశాడు. తాసీల్దారు చెవులు కూడా కదపలేదు. ఎదురుగా నిలబడ్డ కమిషనర్ గారి వైపే చూస్తోంది.

"ఏమిటి సమస్య?" అన్నారాయన.

"ఏం లేదు సార్, మీ చేత్తో ఏదన్నా పెడితే కదులుద్ది," అంది కాశింబీ.

ఆయన చేతిలో ఉన్న ప్రసాదం చక్కెర పెట్టారు. నాకి, తల ఊపి, తాసీల్దారు కదిలింది. మేళం మళ్ళీ అందుకుంది.

ఆఫీసర్లు కనబడనంత దూరం వచ్చి, వీధి మలుపు తిరిగాక, కాశింబీ గూటి వెదురు మీద అరచెయ్యి వేసింది. "ఉప్పెన వచ్చిన ఏడు అమ్మాయ్, పాత గూడు ఎగిరిపోయి కాలవ అవతల పడిందంట..." అని మొదలుపెట్టింది. ఈసారి ఏ ముక్కా ఊడలేదు.

బండి పక్కనే నడుస్తున్న కరీముల్లా ఆమె ఊపిరి తీసుకునేదాకా ఆగి, గూట్లోకి తల పెట్టాడు.

"అంతా బాగుంది వదినా. మరి నా పిన్ను?"

"అది పురాతనం అయిపోయింది కరీమూ," అంది కాశింబీ. "ఇక మనది కాదు."